ఐదు వానలు

హలో… ఆ, నేనేనమ్మా. గంగాధర సారునే.

…ఎవరు?

…యమునా? ఓ, నువ్వా. పోయిన నెల ఇంటికొచ్చి ఎండావానల పుస్తకం ఫోటోలు తీసుకొని పోయినావే. చెప్పమ్మా, చెప్పు.

…లేదు, పనేమీ లేదు. ఊరికే కూర్చోనుండా. ఒక్క మోతకే ఎత్తినానా? ఫోను పక్కనే ఉండాదిలే.

…ఏడు గంటలు గదా. ఈ టైముకు ఫోను పక్కన పెట్టుకునేది అలవాటు. అంతే.

…ఆ చప్పుడేంది, మగ్గమా? అయితే ధర్మవరంలోనే ఉన్నావు. నాయన ఇంకా నేస్తాండాడా?… సంతోషం. ఈ ఎండల్లో పొద్దంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చునేది కష్టమే.

…గుంటలోనే చల్లగా ఉంటాదంటాడా. అదీ నిజమే. బయట ముప్పై తొమ్మిదిలో ఉండేది మేము.

…ముప్పై తొమ్మిది, ఈ దినం. మధ్యాన్నం బడికి పోయి చూసినా. సెలవులైతే ఏం, ఎండకు సెలవులున్నాయా. వాచ్‌మన్ వెంకటప్ప నన్ను చూస్తానే తాళంచెవి గోడ మీద పెట్టేసి మళ్ళ పండుకుంటాడు. కొలిచి కొలిచి ఏం చేస్తావు సార్, రవ్వంత తగ్గించి రాయరాదా అంటాడు.

…నవ్వుతావులే. ఎనిమిదో తరగతిలో మా పెనుకొండ బడి ధర్మామీటరు పగలగొట్టింది ఎవరు? మూడు దినాలు హాస్టలు పెట్టెలో దాచిపెట్టినావు, పాదరసం పౌడరు డబ్బాలో పోసుకొని.

…అప్పుడే తెలుసు. మొదటి దినమే.

…ఎందుకడగాల? నువ్వే వచ్చి చెప్తావని చూసినా. నాలుగో దినం చెప్పినావు గదా. అయిపోయింది.

సరే, నువ్వు ఊరికే ఫోన్ చేసే మనిషివి కాదు. ఏంది సంగతి?

…ఊఁ.

…ఊఁ, గ్రాఫు. మెల్లగా చెప్పు.

…అంటే వాన ఒకటే కాదు, ఎండ ఒకటే కాదు. రెండూ కలిపి లెక్కేసి, ఇట్లుంటే ఇంత పంట అని ఒక గీత గీసినావు. మా ఇరవై మూడేళ్ళకు ఇరవై మూడు చుక్కలు. సరే.

…ఇరవై రెండు చుక్కలు గీతను ఆనుకునే ఉండాయా. బాగుండాది. మా ఇంటామె హేమావతి వినింటే, ఇదేమన్నా కొత్త సంగతా అనుండును.

…లేదమ్మా, ఎగతాళి కాదు. ఆమెకు గీత అక్కర్లేకపోయింది, అంతే. వాన ఎంత పడిందని అందరూ అడుగుతారు, ఎంత ఎండలో పడిందని ఎవరూ అడగరు అనేది. నాలుగో ఏడు చూడు. వాన ఐదు వందల నలభై మిల్లీమీటర్లు. చూసినోళ్ళు ఎట్లనుకుంటారు, పంట విరగబడి వచ్చుంటాదని. ఎకరాకు నాలుగు మూటలు. పూత మీద ఇరవై దినాలు ఎండ కాసింది, వానంతా కాయ పెరికేటప్పుడు వచ్చి పడింది. ఏడో ఏడు వాన మూడు వందల పదే. తొమ్మిది మూటలు.

…అదే. రోజూ మోడం వేసుకొనేది, చల్లగాలి, చిన్న చిన్న వానలు. శెనక్కాయకు పూత పైన, కాయ కింద. పూత నుంచి ఊడ మన్నులోకి దిగాల. పైన ముప్పై ఎనిమిది ఉండి, కింద మన్ను ఇటుకరాయి మాదిరి ఉంటే యాడ దిగుతాది? గాల్లోనే ఎండిపోతాది… చూడు, నీకు పాఠం చెప్తాండా. నువ్వు చదివిందే అది.

…సరే. మరి ఆ ఇరవై మూడో చుక్క యాడుంది?

……

…పోయిన సంవత్సరంది.

…ఊఁ. ఎంత దూరంలో?

……

…లేదు, పంట తప్పు రాయలేదు. ఎకరాకు ఒకటిన్నర మూటే. తూకం నా ఎదురుగానే వేసినారు.

…ఏడు మూటలు రావాల్నా. నీ గీత ప్రకారం ఏడు.

…పురుగు కాదు. పందులు కాదు. ఇత్తనమూ మంచిదే, ఆమె నీడలో ఎండబెట్టి దాచింది.

…మీ ఆఫీసులో పెద్దసారు అట్లన్నాడా. ఇంటి పుస్తకం, తోచింది రాసుకొనుంటారు అని. ఒక ఏడు నమ్మలేకపోతే మిగిలిన ఇరవై రెండు మట్టుకు ఎందుకు నమ్మాల అని… కోపం లేదమ్మా. ఆయన అడిగేది న్యాయమే. నేనైనా అదే అడుగుతా.

…ఇంకొకటి ఉందా. చెప్పు.

…ఆగస్టు పన్నెండు. వాన ఇరవై. ఎండ ముప్పై ఎనిమిదిన్నర.

……

…అవును. ఇరవై మిల్లీమీటర్లు పడిన దినం ముప్పై ఎనిమిదిన్నర కాయదు. మన్ను తడిసుంటాది, గాలి తడిసుంటాది.

…ఐదు సార్లూ అట్లే ఉందా. బాగా చూసినావు.

……

…ఉండానమ్మా. లైను పోలేదు, ఉండా. ఒక్క నిమిషం, నీళ్ళు తాగొస్తా.

……

ఆ, చెప్పు… ఎప్పటికి చెప్పాల నీకు? రేపు పొద్దున పంపించేస్తారా. ఇత్తే సమయం వస్తాంది గదా, రైతులకు చెప్పాలంటే ఇప్పుడే చెప్పాల. అవును.

…తీసేస్తావా.

…తీసేయొద్దు యమునా.

…మొండితనం కాదు. ఆ పుస్తకం నాది కాదు. బడిలో ఎండ చూసొచ్చి చెప్పేవాణ్ణి, అంతే నా పని. చేను ఆమెది, వాన కొలిచే డబ్బా ఆమెది, ఏ దినం ఇత్తేదానికి గొర్రు తోలాలో, ఏ దినం ఆగాలో ఆమె ఇష్టం. పోయిన సంవత్సరం పంట ఆమె ఇత్తిన చివరి పంట. దాన్ని తీసేస్తే…

…పంట నిజమేనమ్మా. ఎండ నిజమే.

ఆ ఐదు వానలు పడలేదు.

…పడలేదు. నేనే రాసినా.

……

…నువ్వేమీ అనకు. విను. పెన్ను పక్కన పెట్టి విను.

మాకు ఒక నియమం ఉండేది. ఎవరి లెక్క వాళ్ళు రాసుకోకూడదు. సాయంత్రం ఏడుకు, అన్నానికి కూర్చునే ముందు, నేను ఎండ చెప్తే ఆమె రాసేది. ఆమె వాన చెప్తే నేను రాసేవాణ్ణి. నువ్వు చూసుంటావు, ఎండ వరసంతా గుండ్రటి అక్షరాలు. ఆమెవి. ఐదో తరగతి వరకే చదివింది, నా కంటే బాగా రాసేది.

…కనిపెట్టినావా. అవును, జులై పద్నాలుగు నుంచి రెండూ నా రాతే. ఆ దినమే హిందూపురం తీసుకొని పోయినాము. కిడ్నీలు. వారానికి మూడు దినాలు మెషీను మీద పెట్టాలన్నారు. రాజేశ్వరి, ఆమె చెల్లెలు, ఆడ ఉండాది గదా, వాళ్ళింట్లో పెట్టినాము. నాకు ఈడ బడి. పొద్దున చేనికి పోయి డబ్బా చూసేది, మధ్యాన్నం బడిలో ఎండ చూసేది, ఏడుకు ఆమె ఫోన్ చేసేది. ఆదివారం నేను పోయేవాణ్ణి.

…మొదట్లో అన్నీ నిజమే చెప్పినా. జులైలో వానలుండాయి. ఇత్తిన దినం నుంచి మొలక వరకు బాగుండింది. మొలక ఎట్లుందంటే ఫోటో తీసి పంపిస్తే, నీ వేలు అడ్డమొచ్చింది అయివారూ, నీ వేలు మొలిచిందా చేన్లో అనింది.

…ఆ, అయివారూ అనేది నన్ను. పెండ్లైనప్పటి నుంచీ.

ఆగస్టు పుట్టింది, మోడం పోయింది. ఆగస్టు మూడు. పొద్దున డబ్బా తెరిస్తే ఒక చీమ ఉండింది. చచ్చిన చీమ. చెట్లు పొద్దున తొమ్మిదికే ఆకులు ముడుచుకుంటాండాయి, పూత మీద ఉండాయి. ఆ సాయంత్రం ఆమె గొంతు… మెషీను మీద నుంచి వచ్చిన దినం గొంతు వేరేగా ఉండేది. వాన ఎంత, అనింది.

పన్నెండు అన్నా.

…తెలీదు. నోట్లో నుంచి వచ్చేసింది. తరగతిలో ముప్పై ఏళ్ళు పిల్లోళ్ళకు చెప్పినవాణ్ణి, చూసిందే రాయాల, అనుకున్నది రాయకూడదని.

…ఆమె పన్నెండా అనింది. తర్వాత, రాసినావా అనింది. రాసినా. నోటితో చెప్పింది పుస్తకంలో ఉండాల. ఆమెకు ఒకటి చెప్పి పుస్తకంలో ఒకటి రాసేది… అది చేతగాలేదు నాకు. నవ్వొస్తాదేమో నీకు.

…లేదు, వేరే ఎవరికీ తెలీదు. నరసింహయ్యకు తప్ప. మా గట్టు అవతల చేను వాళ్ళది. ఒకసారి హిందూపురం సంతకు పోయి ఆమెను చూసొచ్చినాడు. వానలు పడినాయంటనే అని అడిగిందంట. వీడు నేల చూసుకుంటా, పడినాయక్కా అన్నాడంట. మళ్ళ నా దగ్గరికొచ్చి, ఏం సార్, మీ గట్టు దాటి మా చేన్లోకి ఒక్క చినుకూ రాలేదే, అంత కట్టుదిట్టంగా కురిసిందా అని.

…వాడు మంచోడు. ఎవరికీ చెప్పలేదు.

…ఎండనా? ఎండ నిజమే చెప్పినా. అదే గదా నువ్వు పట్టుకున్నది. వాన కురిపిస్తే ఎండ కూడా రెండు మూడు డిగ్రీలు దించాల. తోచలేదమ్మా. సైన్సు అయివారిని, తోచలేదు చూడు. ఎండ నా పని. ఇరవై మూడేళ్ళు నా వరసలో… ఒక్కసారి తప్పు పోయింది, అంతే. ముప్పై ఏడును ముప్పై ఒకటని చెప్పినా. ఆమె రాసినాక పెన్ను ఎత్తి పట్టుకొని, ఈ దినం ముప్పై ఒకటి కాదు, మళ్ళ పోయి చూసి రా అనింది. సైకిలెక్కి పోయినా. ధర్మామీటరులో ఆ దినం గరిష్ఠం గుర్తు ముప్పై ఏడు మీదే నిలిచుండింది. ఒళ్ళు చెప్పేసేది ఆమెకు. అదిగో, మూడో ఏటి పేజీలో గీత కొట్టి ఇద్దరం సంతకాలు పెట్టినాము. మొత్తానికి అదొక్కటే దిద్దుబాటు.

…అడిగేది. ఎందుకడగదు? వాన అడిగేది, తర్వాత ఎండ అడిగేది. హిందూపురం నుంచి కూడా రోజూ అడిగేది. ఇరవై అన్న దినం కూడా అడిగింది. ముప్పై ఎనిమిదిన్నర అని… చెప్పినా.

……

…యమునా. ఉండు.

……

నువ్వు ఆ రెండు వరసలు పక్కపక్కన పెట్టుకుంటే, ఎంతసేపటికి కనుక్కున్నావు?

…పది నిమిషాలు.

……

ఆమెకు ఇరవై మూడేళ్ళ అనుభవం.

……

…లేదు. ఏమీ అనలేదు. రాసినావా అనేది. అన్నం తిన్నావా అనేది. ఇరవై అన్న దినం మట్టుకు… మంచి వానే కురిపిచ్చినావే అయివారూ, అనింది. నవ్వింది. నేను ఆ నవ్వు చూసుకొని… అంటే వినుకొని… ఈ దినానికి ఇది చాలు అనుకున్నా.

…ఆగస్టు ఇరవై ఎనిమిది చివరిది. తొమ్మిది అన్నా. ఆమె రాసినావా అని అడగలేదు ఆ దినం. ఇంక చాలయ్యా, అనింది. రేపటి నుంచి ఎంతుంటే అంతే చెప్పు.

……

…అవును. అప్పుడే అర్థం కావాల. అర్థం కానిచ్చుకోలేదేమో.

…మరుసటి దినం సున్నా అని చెప్పినా. ఊఁ, రాసుకో, అనింది. ఇంక అక్కడి నుంచి అన్నీ సున్నాలే. ఆమె ఒక్కసారీ, ఏంటికి ఉన్నట్టుండి వానలు నిలిచిపోయినాయి అని అడగలేదు. రైతు మనిషి. ఊడలు దిగే సమయం. అడగలేదు.

…నేను ఓదార్చినాననుకుంటివా? నేనూ అట్లే అనుకున్నా, ఇంతసేపటి వరకు.

…నేనే చెప్తానని చూసిందేమో. పిల్ల మాదిరి పెట్టెలో దాచిపెట్టుకున్నాడు, వాడే వచ్చి చెప్తాడు అని. నువ్వు నాలుగో దినం చెప్పినావు. నేను… అక్టోబరు ఆరున పోయింది. ఐదు ఆదివారాలు ఆమె పక్కన కూర్చోనుండా. చెప్పలేదు.

……

…ఏడవద్దమ్మా. మీ నాయన మగ్గం ఆపి చూస్తాడు.

…ఆ. కాయ పెరికింది అక్టోబరు ఆఖర్లో. ఒకటిన్నర మూట. అది నిజమే రాసినా. ఎవరికి చెప్పాలని అబద్ధం రాస్తా.

ఇప్పుడు పెన్ను తీసుకో. పుస్తకం నా ముందరే ఉండాది. నువ్వు ఆడ దిద్దు, నేను ఈడ గీత కొడతా.

ఆగస్టు మూడు. పన్నెండు ఉండాది. సున్నా.

…ఆగస్టు ఏడు. ఎనిమిది. సున్నా.

…పన్నెండో తేదీ. ఇరవై… సున్నా.

…పంతొమ్మిది. పదహైదు. సున్నా.

……

…లేదు, ఉండా. ఇరవై ఎనిమిది. తొమ్మిది ఉండాది.

……

సున్నా.

తిరిగి చదువు. అట్ల కాదు, తేదీతో చదువు, ఒకటొకటి.

…ఊఁ.

…ఊఁ.

…ఊఁ.

…సరే. ఇప్పుడు నీ చుక్క యాడికొస్తాదో చూడు. ఉంటా, తొందరలేదు.

……

…గీత మీదికా.

…సరిగ్గా గీత మీదికి.

……

…సరే. అయితే మీ పెద్దసారుకు చెప్పు. పుస్తకం మంచిదే, ఐదు దినాలు మట్టుకు దాన్ని రాసినోడు మంచోడు కాదు అని. కారణం అడిగితే… రాసినోడు తప్పు చూసినాడు అను. అంతే చాలు. మిగిలింది నీకు చెప్పినా, ఆయనకు కాదు.

…ఆ చుక్కను వదలొద్దు. రైతులకు చెప్పేటప్పుడు దాన్నే ముందు చూపించు. జులైలో మొలక చూసి అందరూ సంబరపడినారు ఆ ఏడు. ముప్పై ఎనిమిదిలో నెలకు పైగా చినుకు లేకపోతే, ముందు పడిన వాన ఎంతైనా ఏం మిగులుతాదో దాంట్లో ఉండాది. ఆమె చేనే అది. ఆమె ఉండుంటే తనే చూపించును.

…సంతకమా. పెట్టినా నాది, ఐదింటి పక్కన. దిద్దుబాటుకు రెండు ఉండాల, ఒకటి పెట్టినా.

…వద్దమ్మా. రెండోది నువ్వు పెడతానన్నావు, అది చాలు. ఆ జాగా అట్లే వదిలేస్తా.

…అక్టోబరు నుంచా? అది కూడా చూసినావా. డబ్బా దగ్గరికి పోలేదు నేను. ఎండ రాస్తాండా, వాన వరస ఖాళీ. సున్నా రాసేది న్యాయం కాదు గదా, చూడకుండా. నరసింహయ్య దాని మీద కంపచెట్టు పడకుండా చూసుకుంటాండాడంట.

…రేపా.

…పోతాలే. ఎనిమిదిన్నరకు పోయి చూస్తా. మే నెలలో ఏముంటాది డబ్బాలో. చీమ ఉంటాది.

…సరేమ్మా. రాత్రి కూర్చొని నీ పని నువ్వు చేసుకో. నాయనను అడిగినానని చెప్పు. ఆ, గుంటలోనే ఉండమను, బయట వేడిగా ఉండాది.

…తిన్నా. తింటా. పెట్టేయమ్మా.

……

…యమునా?

పెట్టేసింది.

……

ఎండ ముప్పై తొమ్మిది.

……

వాన లేదు, హేమా. నిజంగానే లేదు.